ఒక్క అక్షరం తేడా

మా శిరివెళ్లలో ట్యాంకు అంటే నీళ్ల ట్యాంకే. "ట్యాంకు నిండిందంటనా?", "ట్యాంకు కాడికి పోయొస్తా" అన్న మాటలు తప్ప ఇంకో రకం ట్యాంకు ఊసు ఈ ఊళ్లో విన్న జ్ఞాపకం లేదు. అందుకే ఒక ఆదివారం పొద్దున్నే మా పాత విద్యార్థి ఒకడు గుమ్మం ముందు నిలబడి, "సార్, ట్యాంకు కన్ను తెచ్చినా" అన్నప్పుడు, వీడికి రాత్రి జ్వరం గాని తగిలిందేమో అనుకున్నాను.

వాడు తువ్వాల విప్పాడు. లోపల ఒక పొడుగాటి లోహపు గొట్టం. రెండు కొసలా అద్దాలు. ఒక పక్కంతా పాత ఆకుపచ్చ రంగు పెచ్చులు కట్టి ఉంది. రెండో పక్క మటుకు పసుపు పచ్చగా తళతళలాడుతోంది. అక్కడక్కడా ఇంకా చింతపండు పీచు అంటుకుని ఉంది.

"ఏం చేసినావురా దీన్ని?"

"తోమినా సార్. బాగా కనపడాలని. మిగతా సగం మీకు చూపించినాక తోముదామని."

నేను పెట్టిన కేకకు మా ఇంటావిడ వంటింట్లోంచి పరుగున వచ్చింది. తాటాకు ప్రతిని ఎవరైనా సబ్బుతో కడిగి తెస్తే మీరెలా కేక వేస్తారో నేనూ అలాగే వేశాను. కుర్రాడు బిక్కమొహం వేశాడు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి సంగతి అడిగాను.

వాళ్ల అబ్బ, అంటే నాయన నాయన, సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. చనిపోయి కొన్నేళ్లయింది. 1965 యుద్ధంలో ఆయన ట్యాంకు తోలాడనీ, పాకిస్తానువాళ్ల ప్యాటన్ ట్యాంకును పడగొట్టి దాని కన్ను పెరుక్కొచ్చాడనీ ఇంట్లో కథ. ఈ మధ్య కుర్రాడు దీని ఫొటో ఎవరికో చూపించాడట. బెంగుళూరు నుంచి పాత వస్తువులు కొనే ఆసామి ఒకడు ఫోను చేసి, ప్యాటన్‌దే అని తేలితే నలభై వేలు ఇస్తానన్నాడు. కుర్రాడికి చెల్లెలి చదువుకు డబ్బు కావాలి. వాళ్ల జేజి మాత్రం అమ్మడానికి లేదంటోంది.

"మీరు పాత పుస్తకాలు చూసి ఏది అసలో ఏది నకిలీనో చెప్తారు కదా సార్. ఇదీ చెప్పండి."

తెలుగు పంతులికి ట్యాంకు దుర్భిణితో ఏం పని అని మీరనవచ్చు. పని ఎలా పడిందో చెబుతాను. ఎమ్మే చదివే రోజుల్లో పాత పుస్తకాల కోసం ఫుట్‌పాత్‌లు తిరుగుతూ ఒక ఇత్తడి దుర్భిణి కొన్నాను. దాని మీద 'కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917' అని చెక్కి ఉంది. నెల ఖర్చులో సగం దానికే పెట్టి మొదటి ప్రపంచ యుద్ధాన్ని చంకలో పెట్టుకొచ్చాననుకున్నాను. మూడేళ్ల తర్వాత తెలిసింది: కెల్విన్ వారి సంస్థా, హ్యూస్ వారి సంస్థా కలిసి ఒకటయింది 1947లో! పెళ్లికి ముప్ఫయ్యేళ్ల ముందే పుట్టిన బిడ్డ నా దుర్భిణి. అమ్మినవాడు నవ్వుకునే ఉంటాడు. ఆ రోషంతో ఈ గొట్టాల మీద ఉండే రాతల్ని చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఇది నాకు తెలిసిన విద్యే అని తోచింది. మా ఊరి రోడ్డు పట్టుకుని దక్షిణంగా పోతే కడప వస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట అక్కడ బ్రౌను దొర పండితుల్ని కూర్చోబెట్టి వేమన పద్యాల ప్రతుల్ని పక్కపక్కన పెట్టి చదివించాడు. ఏ ప్రతిలో ఏ అక్షరం మారింది, ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ఆ పని. దుర్భిణి అయినా పద్యమైనా పాఠభేదం పాఠభేదమే.

సరే, గొట్టం మీదికి వద్దాం. తోమని పక్క చిన్న రాత ఉంది. చేసినవాళ్ల పేరు సగం అరిగిపోయింది. మిగిలింది 'టెలిస్కోప్, ఎమ్ 71 డి', ఒక వరుస సంఖ్య, 1944 అన్న సంవత్సరం.

అమెరికావాళ్లు తమ సైనిక సామగ్రికి 'ఎమ్' అనీ దాని పక్కన ఒక అంకె అనీ పేరు పెడతారు. ఇంగ్లీషువాళ్లది మరో పద్ధతి. నంబరు ఇంత, మార్కు ఇంత అని రాసి, సర్కారు సొత్తు అని చెప్పే మూడు గీతల బాణం గుర్తు వేస్తారు. ఆ బాణం 'సి' అక్షరం కడుపులో ఉంటే కెనడా, 'యు'లో ఉంటే దక్షిణాఫ్రికా, రెండు 'డి'ల మధ్య ఉంటే ఆస్ట్రేలియా. జర్మనులు యుద్ధకాలంలో ఫ్యాక్టరీ పేరు శత్రువుకు తెలియకూడదని మూడు చిన్న అక్షరాల గుప్తనామం వేసేవారు. 'బిఎల్‌సి' అంటే యేనాలోని జైస్, 'బిఇహెచ్' అంటే లైట్స్. ఇవి తెలిస్తే వస్తువు ఏ దేశందో చెప్పడానికి అరనిమిషం చాలు. మన గొట్టం అమెరికాది, అనుమానం లేదు. ప్యాటనూ అమెరికాదే. అందుకే ఇంట్లో కథ అంత బలంగా నిలబడింది.

కాని ప్యాటన్ పేరుతో పాకిస్తాన్‌కు చేరిన ఎమ్ 47 ట్యాంకు తయారీ మొదలైంది 1951లో. ఎమ్ 48 ఆ మరుసటేడు. 1944 నాటికి ఆ ట్యాంకులు పుట్టనే లేదు.

"పాత దుర్భిణిని కొత్త ట్యాంకులో పెట్టి ఉండొచ్చు కదా సార్?" అన్నాడు కుర్రాడు. తెలివైన ప్రశ్న. క్లాసులో ఎన్నడూ ఇలాంటి ప్రశ్న వేసి ఎరగడు. దీనికి జవాబు ఆ చివరి అక్షరంలో ఉంది.

ట్యాంకు దుర్భిణి దూరాన్ని దగ్గర చేసే వస్తువు మాత్రమే అయితే ఇన్ని రకాలు అవసరం లేదు. దాని లోపల ఒక గాజు బిళ్ల మీద సన్నని గీతలు ఉంటాయి. వాటిని గురిగీతలు అందాం. ఫిరంగి గుండు తిన్నగా పోదు. విసిరిన రాయిలాగా పోతూ పోతూ కిందికి జారుతుంది. ఎంత దూరానికి ఎంత జారుతుందో లెక్కగట్టి, అంత మేర గొట్టాన్ని పైకెత్తడానికి వీలుగా ఆ గీతలు గీస్తారు. ఫిరంగి మారితే గుండు వేగం మారుతుంది, వేగం మారితే జారుడు మారుతుంది, కాబట్టి గీతలూ మారాలి. పైన గొట్టం అదే, అద్దాలు అవే. లోపలి గీతలు మారినప్పుడు పేరు చివర అక్షరం మారుతుంది.

రెండో ప్రపంచ యుద్ధపు షెర్మన్ ట్యాంకునే తీసుకోండి. మొదట దానికి 75 మిల్లీమీటర్ల ఫిరంగి. దాని గుండు సెకనుకు 620 మీటర్ల చిల్లర వేగంతో వెలువడేది. దానికి తగిన దుర్భిణి ఎమ్ 70 ఎఫ్, మూడింతలు పెద్దది చేసి చూపేది. తర్వాత 76 మిల్లీమీటర్ల ఫిరంగి వచ్చింది. పేరులో ఒక్క మిల్లీమీటరే తేడా. కాని గుండు వేగం సెకనుకు 790 మీటర్లు. దానికి అయిదింతలు చూపే ఎమ్ 71 డి. అదే 71లో 'డి' బదులు 'సి' ఉంటే, అది పెర్షింగ్ అనే పెద్ద ట్యాంకు తాలూకు 90 మిల్లీమీటర్ల ఫిరంగికి.

ఈ అక్షరం తప్పితే ఏమవుతుందో కాగితం మీద కుర్రాడి చేతనే లెక్క వేయించాను. గాలి అడ్డు మాట పక్కన పెడదాం. వెయ్యి మీటర్లు పోయేసరికి 75 గుండు పన్నెండు పదమూడు మీటర్లు జారుతుంది, 76 గుండు ఎనిమిది మీటర్ల లోపే. మొదటిదాని గీతలు పెట్టుకుని రెండోదాన్ని పేలిస్తే గుండు అయిదు మీటర్లు పైనించి పోతుంది. ప్యాటన్ ఎత్తు మూడు మీటర్లు. అంటే గుండు ట్యాంకు నెత్తికి తగలకుండా వెనక చెరకు తోటలో పడుతుంది. ఈలోగా అవతలివాడు ఊరుకోడు. మా పండితులు ఒక అక్షరం తప్పుకు అర్థం చెడిందని తగవులాడుకుంటారు, ఇక్కడ నలుగురైదుగురు మనుషులు పోతారు.

ఇక ప్యాటన్ ఫిరంగి 90 మిల్లీమీటర్లది. మన గొట్టం 76ది. రెండు కారణాలూ కలిసి కథను ఒక్కసారే కొట్టేశాయి. నిజానికి ప్యాటన్ కన్ను చూడాలంటే గొట్టం కూడా అక్కర్లేదు. దాని నెత్తిన ఉండే గుండ్రటి బురుజుకు అటూ ఇటూ చెవుల్లా రెండు బుడిపెలు ఉంటాయి. మన రెండు కళ్లలాగే రెండు చోట్ల నుంచి చూసి దూరం లెక్కగట్టే యంత్రం కొసలవి. జర్మనుల పాంథర్ ట్యాంకుదీ ఇలాంటి కథే. మొదట వచ్చినవాటిలో దుర్భిణికి రెండు కన్నాలు, తర్వాతివాటికి ఒకటే. ఫొటోలో కన్నాలు లెక్కపెట్టి ఇది ముందుదో తర్వాతదో చెప్పేవాళ్లున్నారు.

మరి 76 ఫిరంగి షెర్మన్లు 1965లో ఎవరి దగ్గర ఉన్నాయి? మన దగ్గరే ఉన్నాయి! సెప్టెంబరు 8 నుంచి 10 వరకు పంజాబులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ అనే ఊరి పొలాల్లో జరిగిన యుద్ధంలో ప్యాటన్లకు ఎదురు నిలిచినవాటిలో డెక్కన్ హార్స్ దళం షెర్మన్లు ఉన్నాయి. ఆ దళం పేరులోనే మన దక్కను ఉంది. నిజాం నాటి హైదరాబాదు గుర్రపు దళాల నుంచి వచ్చిన దళమది. పక్కన సెంచూరియన్ ట్యాంకులు, ఫ్రెంచివాళ్ల తేలిక ట్యాంకులు, జీపు మీది ఫిరంగితో ప్రాణం ఒడ్డిన అబ్దుల్ హమీద్. ప్యాటన్లు నీళ్లు పారించిన చెరకు తోటల్లో దిగబడ్డాయి. పాకిస్తాను 97 ట్యాంకులు పోగొట్టుకుందని మన లెక్క. దొరికినవాటిని వరసగా నిలబెట్టిన చోటుకు జనం ప్యాటన్ నగర్ అని పేరు పెట్టారు.

"అయితే మా అబ్బ షెర్మన్‌లో ఉన్నట్టే కదా సార్!" కుర్రాడి ముఖం వెలిగింది.

అక్కడే ఆగమన్నాను. 76 షెర్మన్లు పాకిస్తాను దగ్గరా ఉన్నాయి. రెండు వైపులవాళ్లకూ అమ్మింది అమెరికానే. ఈ గొట్టం సరిహద్దుకు ఇటు నుంచి అటు చూసిందో, అటు నుంచి ఇటు చూసిందో ఆ రాతను బట్టి చెప్పలేం. ప్రతి రాసినవాడి ఊరు తెలియాలంటే అంచుల్లో ఏమైనా గిలికి ఉండాలి. ఇక్కడ ఆ అంచుల్నే వీడు చింతపండు పెట్టి తోమాడు.

ఈ మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఇలాంటి పాత సైనిక వస్తువు ఉంటే దయచేసి తోమకండి. పైరంగు, దాని మీద మరమ్మతువాళ్లు బ్రష్షుతో వేసిన అంకెలు, అరిగిన ముద్రలు, ఇవన్నీ ఆ వస్తువు జాతకం. మెరుగు పెడితే ధర పెరగడం అటుంచి, జాతకం పోతుంది. ఇంకో మాట. చీకట్లో కనబడేందుకు అంకెలకు పూత పూసిన పాత సాధనాలు కొన్నింటిలో ఆ పూత రేడియంతో చేసినది. వెలుగు చచ్చినా అందులోని విషం చావదు. గోరుతో గీకకూడదు, విప్పి చూడకూడదు.

సోమవారం నాడు ఆ గొట్టాన్ని కాలేజీకి తీసుకుపోయి, భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడి ముందు పెట్టాను. ఆయన ప్రయోగశాలలో బందరు ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వారి పాత పరికరం ఒకటి బీరువాలో ఉంది. దాని మీద ఈగ వాలనివ్వడు. 1926లో బందరులో పుట్టిన ఆ కంపెనీ మన కాలేజీలకు తరాల తరబడి ప్రయోగ పరికరాలు చేసి ఇచ్చింది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఆ తర్వాత బందరులో సైన్యానికి రాత్రిపూట చూసే సాధనాలు తయారవుతూ వచ్చాయి. డెహ్రాడూన్‌లో 1943 నుంచీ సైనిక దుర్భిణుల ఫ్యాక్టరీ ఉందని తెలిసినవాళ్లు కూడా, మన కృష్ణా తీరపు కలంకారీ ఊరికి ఈ విద్య ఉందంటే నమ్మరు.

మిత్రుడు ముందు అద్దాల్ని చూశాడు. ట్యూబులైటు నీడను అందులో పట్టి చూపించాడు. నీడ తెల్లగా కాక ఊదారంగులో ఉంది. అంటే అద్దానికి పూత ఉంది. అద్దం తాకిన వెలుగులో కొంత వెనక్కు తుళ్లిపోకుండా లోపలికి పంపే ఈ సన్నని పూతను 1935లో జర్మనీలో జైస్ సంస్థలో పనిచేసిన స్మకులా కనిపెట్టాడు. పూత లేని పాత దుర్భిణిలో దీపం నీడ తెల్లగానే ఉంటుంది. తర్వాత రెండు అద్దాల్ని అతికించిన చోట పసుపు మరక చూపించాడు. అది కెనడా బాల్సం అనే చెట్టు జిగురు, వయసుతో పచ్చబడుతుంది. బయటి అద్దం మీద బూజు సాలెగూడులా అల్లుకుంది.

ఆ తర్వాత గది తలుపులు మూసి, ఫోను దీపాన్ని గొట్టానికి పక్కవాటుగా, దాదాపు ఒరిపిడిగా పట్టాడు. తోమిన మెరుపు మీద ఏటవాలు వెలుగు పడగానే, రంగు పోయినా దాని కింద గీరుకున్న అచ్చు నీడలా తేలింది. 'ఇ.ఎం.ఇ.' పక్కన ఇంకేదో పోయింది. ఆ కింద '62'. తోమని అంచున తెల్లరంగు తోక ఒకటి మిగిలి ఆ అంకెను నిలబెడుతోంది.

ఇ.ఎం.ఇ. అంటే మన సైన్యంలో యంత్రాలన్నీ బాగుచేసే విభాగం. 1943లో ఏర్పడింది. దాని పెద్ద శిక్షణాలయాల్లో ఒకటి సికింద్రాబాదులోనే ఉంది. 1962లో మన వర్క్‌షాపులో మరమ్మతు అయిన గొట్టం 1965లో శత్రువు దగ్గర దొరికిందనడం కుదరదు. ఇది మనదే.

ఆ సాయంత్రం కుర్రాడి ఇంటికి వెళ్లాను. వాళ్ల జేజి అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. ఎనభై దాటి ఉంటుంది. చెప్పడానికి నాకు నోరు రాలేదు. భర్త తెచ్చిన విజయచిహ్నం కాదమ్మా ఇది అని ఎలా చెప్పడం? అటూ ఇటూ తిప్పి, ఇది ప్యాటన్‌ది కాదు, మన ట్యాంకుదేననీ, దీన్ని ఎవరో వర్క్‌షాపులో బాగుచేశారనీ అన్నాను.

"ఎవురో ఏంది అయ్యవారూ? ఆయప్పే."

నేను కుర్రాడి వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు.

"ట్యాంకు తోలినాడని నేనెన్నడన్నా చెప్పినానా? వీని నాయనా, వీని చిన్నాయనా బడిలో గొప్పలు చెప్పుకోను పుట్టిచ్చిన కత అది. ఆయప్ప అద్దాలు బాగుజేసే పని. సికిందరాబాదులో కోటర్స్‌లో ఉన్నెప్పుడు, ఇంట్లో గూడా ఏదో ఒక అద్దం ముందరేసుకోని కూచునేటోడు. నేను తలదువ్వుకుంటే బయటికి తరిమేటోడు, ఎంటిక పడ్తాదని. కసువు కొట్టనిచ్చేటోడు కాదు. ఆ ట్యాంకులు పాతబడిపోయి పనికిరావని పక్కన పెట్టినాక, పాత ఇనుం యేలంలో ఇది తెచ్చుకున్యాడు. నూరు రూపాయలు పెట్టినాడని నేను మూడు దినాలు మాట్లాడలే."

లోపలి పెట్టెలోంచి సైన్యంవాళ్ల పాత పుస్తకం ఒకటి తెప్పించింది. చెదలు అంచులు తిన్నాయి. వృత్తి అన్న చోట 'ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్' అని స్పష్టంగా ఉంది. ఇన్నాళ్లూ ఆ పెట్టె తెరిచి చదివినవాడు ఇంట్లో ఒక్కడూ లేడు.

అప్పుడు నాకొకటి గుర్తొచ్చి గొట్టాన్ని మళ్లీ కంటికి పెట్టుకున్నాను. దుర్భిణి బయటి అద్దం మీద దుమ్ము పడితే బొమ్మ కాస్త మసకబారుతుంది, అంతే. కాని గురిగీతలు ఉండే లోపలి బిళ్ల మీద ఒక్క నలుసు పడితే, అది చూసేవాడి కంటికి బొమ్మతో పాటే నిక్కచ్చిగా, బండరాయిలా కనబడుతుంది. ఆ బిళ్ల సరిగ్గా బొమ్మ ఏర్పడే చోట ఉండటమే దానికి కారణం. అందుకే ఆ బిళ్లను బిగించేవాడు ఊపిరి బిగబట్టి బిగిస్తాడు. బయటి బూజు వల్ల వీధి అంతా పొగమంచులో ఉన్నట్టుంది. దాని మధ్యన గీతలు మాత్రం నల్లగా, సన్నగా, నిన్న గీసినట్టున్నాయి. గొట్టం తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా ఒక్క నలుసు లేదు.

ఆ మాట ఆమెకు చెప్పాను. "ఆయప్ప అట్లాంటోడే" అని శనక్కాయ తొక్కలు చాటలోకి ఊడ్చుకుంది.

బెంగుళూరు ఆసామికి కుర్రాడు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన షెర్మన్‌దైతే ఎనిమిది వేలకు మించదన్నాడు. కుర్రాడు ఫోను చేత్తో మూసి జేజి వైపు చూశాడు. ఆమె లెక్కపెట్టలేదు. గొట్టం చేతిలోకి తీసుకుని, ఏ కొసన కన్ను పెట్టాలో నన్నడిగి, వీధి చివరకు తిప్పింది.

"ఏం కనపడతాంది జేజీ?"

"ట్యాంకు" అంది. "మీద కాకి గూడా."